క్షయ కాని క్షయ

వండూర్ తీరంలో ఆటు వేళ నీళ్లు వెనక్కి జారాక పగడపు రాళ్ల మధ్య చిన్నచిన్న మడుగులు మిగులుతాయి. వాటిలో శంఖాలు, పీతలు, అదృష్టం బాగుంటే ఒక సముద్ర నక్షత్రం కనిపిస్తాయి. కొత్త పేరు శ్రీవిజయపురం అయినా జనం నోట ఇంకా పోర్ట్ బ్లెయిర్‌గానే ఉన్న ఊరికి ఇది పాతిక ముప్పై కిలోమీటర్ల దూరం. జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవులకు పడవలు ఇక్కడి నుంచే వెళ్తాయి. 1983లో ఇక్కడి పదిహేను దీవులనూ వాటి చుట్టూ ఉన్న సముద్రాన్నీ కలిపి మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్క్‌గా ప్రకటించారు. పార్కులో ప్రాణులను ముట్టుకోనివ్వరు, అదే మంచిది. అయితే నూట నలభై ఏళ్ల క్రితం ఒక మనిషి సముద్ర నక్షత్రపు పిల్లను ముట్టుకోవడమే కాదు, దాని ఒంట్లో ముల్లు కూడా గుచ్చాడు. మన ఒంట్లో వాపు ఎందుకు పుడుతుందో ఆ ముల్లు దగ్గరే తేలింది. ఆ వాపు తగ్గకపోతే ఏమవుతుందో తెలియడానికి ఇంకో నూరేళ్లు పట్టింది. ఆ నూరేళ్ల దారి మదనపల్లె, భీమవరం, వెల్లూరు, మద్రాసు మీదుగా నడిచి ఈ దీవుల దాకా వచ్చింది.

ఆ మనిషి పేరు ఇల్యా మెచ్నికోవ్, రష్యా దేశపు జంతుశాస్త్రవేత్త. 1882లో ఒడెస్సాలో ఉద్యోగం వదిలేసి, ఇటలీలోని మెస్సీనా రేవులో సముద్రం ఒడ్డున ఇల్లు తీసుకున్నాడు. ఒకరోజు ఇంట్లోవాళ్లంతా సర్కస్‌లో కోతుల విన్యాసాలు చూడడానికి వెళ్లారు. ఆయన ఒక్కడే మైక్రోస్కోపు ముందు కూర్చున్నాడు. సముద్ర నక్షత్రపు పిల్ల గాజులా పారదర్శకంగా ఉంటుంది కాబట్టి లోపల తిరిగే కణాలు బయటికే కనిపిస్తాయి. వాటిని చూస్తుండగా ఒక ఆలోచన తట్టింది. ఇవి ఊరికే తిరుగుతున్నాయా, లేక బయటి నుంచి వచ్చిన శత్రువును పట్టుకోవడానికి తిరుగుతున్నాయా? తోటలోకి వెళ్లి గులాబీ ముళ్లు తెంచుకొచ్చి పిల్ల చర్మం కింద గుచ్చాడు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి.

అప్పటిదాకా వైద్యులకు వాపు అంటే రోగం. రోమన్ రచయిత సెల్సస్ దాదాపు రెండు వేల ఏళ్ల క్రితమే దానికి నాలుగు గుర్తులు చెప్పాడు: ఎరుపు, ఉబ్బు, వేడి, నొప్పి. ఈ నాలుగింటినీ తగ్గించడమే వైద్యమని అందరి నమ్మకం. మెచ్నికోవ్ ఆ నమ్మకాన్ని తిరగేశాడు. వాపు రోగం కాదు, ఒంటి రక్షణ అన్నాడు. పెద్దపెద్ద ప్రొఫెసర్లు నవ్వారు. పోరాడేది కణాలు కావు, రక్తంలోని ద్రవం అని జర్మనీ పండితులు పట్టుబట్టారు. ఆ రెండో పక్షంలో మేటి పాల్ ఎర్లిక్. పాతికేళ్ల తగవు తర్వాత 1908లో నోబెల్ కమిటీ బహుమతిని ఇద్దరికీ కలిపి ఇచ్చింది. ఎర్లిక్ ఈ కథలో మళ్లీ వస్తాడు, అదీ తనకు ఏ సంబంధమూ లేని చోట.

మెచ్నికోవ్ ముల్లు ఒక ప్రశ్నను మిగిల్చింది. ముల్లు బయటికి వస్తే కణాలు వెనుదిరుగుతాయి, వాపు తీస్తుంది. మరి ముల్లు రాకపోతే? లేదా రోజూ కొత్త ముల్లు దిగుతుంటే?

ఆ ప్రశ్నకు జవాబు దారి మదనపల్లె దగ్గర మొదలైంది. ఆ ఊరికి కొద్ది దూరంలో ఆరోగ్యవరం ఉంది. గాలి పొడిగా, చల్లగా ఉంటుందని పలు క్రైస్తవ మిషన్లు కలిసి ఇక్కడ యూనియన్ మిషన్ క్షయ శానటోరియం కట్టాయి. దానికి అధిపతి క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ అనే డెన్మార్క్ డాక్టరు. స్ట్రెప్టోమైసిన్ ఇంకా రాని రోజులవి. క్షయకు మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, అదృష్టం ఉంటే బతుకు. తెలుగు, తమిళ, కన్నడ ప్రాంతాల నుంచి దగ్గుతో చిక్కి సగమైన వాళ్లు రైలెక్కి, బండెక్కి అక్కడికి వచ్చేవారు. క్షయ అని పేరు పడిందంటే ఇంట్లో కంచం వేరు, మంచం వేరు. పెళ్లి కావాల్సిన పిల్ల అయితే ఇక చెప్పక్కర్లేదు.

అలా వచ్చినవాళ్లలో కొందరు డాక్టర్లను తికమక పెట్టారు. రాత్రి రెండు మూడు గంటల వేళ ఊపిరి సలపని దగ్గు, పిల్లికూతలు, సన్నజ్వరం, తగ్గిపోతున్న బరువు. ఎక్స్‌రే తీస్తే రెండు ఊపిరితిత్తుల నిండా సామగింజలు చల్లినట్టు తెల్లని చుక్కలు. క్షయ ఒళ్లంతా పాకినప్పుడు కనిపించే బొమ్మ కూడా అచ్చం అదే. కానీ కళ్లె పరీక్షలో క్షయ క్రిమి లేదు. మళ్లీ చూశారు, లేదు. ఇంకా విచిత్రం, క్షయ అంతగా ముదిరినవాడు వారాల్లో పోవాలి. వీళ్లు పోవడం లేదు, అలాగని బాగుపడటమూ లేదు. నెలల తరబడి దగ్గుతూనే ఉన్నారు.

ఆధారం రక్తపు చుక్కలో దొరికింది. గాజు పలక మీద రక్తం పలచగా పూసి, రంగు వేసి చూస్తే తెల్లకణాలు రకరకాలుగా కనిపిస్తాయి. వాటిలో ఒక రకం కణాల ఒంటి నిండా ఎర్రటి, నారింజ రంగు రేణువులు ఉంటాయి, నడిమి కేంద్రకం రెండు తమ్మెలుగా చీలి ఉంటుంది. అదే ఇయోసినోఫిల్. మామూలు మనిషిలో నూరు తెల్లకణాల్లో ఇవి నాలుగైదుకు మించవు. ఈ రోగుల రక్తంలో సగానికి సగం, ఒక్కొక్కరిలో అంతకన్నా ఎక్కువ. పలక మీద ఎటు చూసినా నారింజ రంగే. 1940లో ఫ్రిమోట్-మోలర్, ఆయన సహచరుడు బార్టన్ ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఒక వ్యాసం రాశారు. ఇయోసినోఫిల్స్ పెరిగే, క్షయను పోలిన, కానీ క్షయ కాని స్థితి ఒకటి ఉందని దాని సారాంశం. కారణం వాళ్లకు అంతుపట్టలేదు. అయినా నా దృష్టిలో ఇది చిన్న పని కాదు. క్షయ ఆసుపత్రిలో కూర్చుని, ఎక్స్‌రే క్షయ అని అరుస్తుంటే, ఇది క్షయ కాదు అని రాయడానికి గుండె ధైర్యం కావాలి. వాళ్లు గుర్తించకపోయి ఉంటే ఎంతమంది లేని క్షయను జీవితాంతం మోసేవారో!

మూడేళ్లు తిరగకుండా 1943లో వీన్‌గార్టెన్ అనే డాక్టరు ఇలాంటి రోగుల వివరాలను లండన్ పత్రిక లాన్సెట్‌లో ప్రచురించి, జబ్బుకు ‘ట్రాపికల్ ఇయోసినోఫీలియా’ అని పేరు పెట్టాడు. ఆయన కూడా భారతదేశంలోనే పనిచేసేవాడు. ఆ వ్యాసంలో పేరుతో పాటు మందు కూడా ఉంది, ఆ మందు దొరికిన తీరే తమాషా. ఆయన దగ్గరికి వచ్చిన ఒక రోగికి ఈ దగ్గుతో పాటు సిఫిలిస్ కూడా ఉంది. సిఫిలిస్‌కు ఆ రోజుల్లో ఇచ్చేది ఆర్సెనిక్‌తో చేసిన ఇంజెక్షన్. దాన్ని కనిపెట్టింది మరెవరో కాదు, మెచ్నికోవ్‌తో తగవు పడిన ఎర్లిక్. సిఫిలిస్ కోసం సూది వేస్తే దగ్గు మాయమైంది! వీన్‌గార్టెన్ దాన్ని కాకతాళీయంగా వదిలేయలేదు. సిఫిలిస్ లేని దగ్గు రోగులకూ అదే సూది వేసి చూశాడు. వాళ్లకూ తగ్గింది, రక్తంలో ఇయోసినోఫిల్స్ కూడా దిగిపోయాయి.

మందు ఉంది, కారణం లేదు. పైగా ఆ మందు పాషాణం. నరాన్ని, కాలేయాన్ని, చర్మాన్ని దెబ్బతీయగలదు. ఏ శత్రువు మీద ప్రయోగిస్తున్నామో తెలియకుండా ఆ సూదులు వేయడం డాక్టర్లకూ ఇబ్బందిగానే ఉండేది. ఆర్సెనిక్‌కు లొంగే జబ్బులు సాధారణంగా పరాన్నజీవుల వల్ల వస్తాయని అనుమానం ఉండేది, అంతే. పురుగులు, ధాన్యంలో ఉండే సూక్ష్మమైన మైట్‌లు, ఒకరు ఒకటి అంటే ఇంకొకరు ఇంకొకటి అన్నారు. ఆ దారులన్నీ మూసుకుపోయాయి.

సరిగ్గా అప్పుడే భూగోళానికి అటువైపు, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్లో, మన భీమవరం మనిషి వేరే పురుగు వెంట పడ్డాడు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కోటు వేసుకుని ఇంగ్లీషు ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు చిన్న పట్టాతో సరిపెట్టుకున్నారు. ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాతో స్ప్రూ అనే పేగుల జబ్బుకు బలయ్యారు. 1920ల తొలినాళ్లలో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో చదువుకుంటూ పొట్టకూటికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల కింద శుభ్రం చేసే పని చేశారు. ఆ ఆసుపత్రి పేరు గుర్తుపెట్టుకోండి.

సుబ్బారావు 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధనలో చేరారు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులు వేలమంది వృషణాలు వాచి, చేతులు కాళ్లు ఎర్రబడి తిరిగొచ్చారు. అది ఫైలేరియా, మన బోదకాలు పురుగు పని. ఇక్కడ ఒక వింత ఉంది. ఆ దీవుల్లో పుట్టి పెరిగినవాళ్ల రక్తంలో పురుగు పిల్లలు గుంపులుగా ఈదుతున్నా చాలామందికి ఏ బాధా లేదు. సైనికుల రక్తంలో వెతికితే ఒక్కటీ దొరకడం అరుదు, బాధ మాత్రం వాళ్లదే. ఈ తిరకాసు ఎవరినీ పెద్దగా ఆపలేదు. మందు దొరికితే చాలన్నది సైన్యం తొందర.

గోదావరి జిల్లాల్లో పెరిగిన సుబ్బారావుకు బోదకాలు పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన జబ్బు కాదు. ఆయన బృందంలో రెడ్జినల్ హెవిట్ అనే పరాన్నజీవుల నిపుణుడు కాటన్ ర్యాట్ అనే ఎలుకల్లో ఫైలేరియా పురుగును పెంచేవాడు. రసాయన శాస్త్రవేత్తలు ఒక్కొక్క పదార్థం తయారుచేసి ఇవ్వడం, ఎలుకలకు ఎక్కించడం, రక్తం చూడటం, పారేయడం. ఇలా ఎన్నో పారేశాక పైపరజీన్ కుటుంబానికి చెందిన ఒక పదార్థం ఎలుకల రక్తాన్నీ కుక్కల రక్తాన్నీ శుభ్రం చేసింది. 1947లో ఆ ఫలితాలు ప్రకటించారు. రసాయన నామం డైఇథైల్‌కార్బమజీన్, అమ్మకపు పేరు హెట్రజాన్. ఆర్సెనిక్ కాదు, సూది కాదు, మింగే బిళ్ల. మరుసటి ఏడాది ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. తన బిళ్ల మదనపల్లె చిక్కుముడిని విప్పబోతోందని ఆయనకు తెలిసే అవకాశమే లేదు.

1950ల మధ్యకల్లా మన దేశంలోని డాక్టర్లు హెట్రజాన్‌ను ట్రాపికల్ ఇయోసినోఫీలియాకు వాడి చూశారు. ఏళ్లుగా పక్క మీద కూర్చుని తెల్లవార్లూ దగ్గినవాళ్లు వారం పది రోజుల్లో పడుకుని నిద్రపోయారు. ఆ తర్వాత మన ఇళ్లలో ‘ఇస్నోఫీలియా’ అనే మాట ఎలా పాతుకుపోయిందో పెద్దవాళ్లకు తెలుసు. తుమ్ము వచ్చినా ఇస్నోఫీలియానే, ముక్కు కారినా ఇస్నోఫీలియానే, వీధి చివర ఆర్‌ఎంపీ డాక్టరు రాసేది హెట్రజానే. మందు పేరు అంతగా వాడుకలోకి వచ్చినా, దాన్ని చేయించినవాడు మన తెలుగువాడని తెలిసినవాళ్లు తక్కువ.

సరే, మందు ఫైలేరియా మందు. అయితే జబ్బు కూడా ఫైలేరియానేనా? అక్కడే అందరూ ఆగారు. రోగుల రక్తంలో పురుగు పిల్లలు లేవు. బోదకాలు పురుగు పిల్లలు రాత్రిపూట రక్తంలోకి వస్తాయని తెలుసు కాబట్టి అర్ధరాత్రి వేలు పొడిచి చూశారు. లేవు. పట్టు వదలని వాళ్లు ఇద్దరున్నారు. సింగపూర్‌లో దానరాజ్ అనే డాక్టరు ఈ రోగుల రక్తంలో ఫైలేరియాకు వ్యతిరేకమైన ప్రతిరక్షకాలు విపరీతంగా ఉన్నాయని చూపించాడు. 1958లో బక్లీ అనే శాస్త్రవేత్త జంతువుల్లో ఉండే ఫైలేరియాను స్వచ్ఛందంగా ఒప్పుకున్న మనిషి ఒంట్లోకి ఎక్కించి, ఇలాంటి లక్షణాలే రావడం చూశాడు. ఇప్పుడైతే ఏ నీతి సంఘమూ ఒప్పుకోదు. ఇంత చేసినా అది చుట్టుపక్కల సాక్ష్యమే. దొంగ కంటపడలేదు.

దొంగను పట్టింది వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో. పిల్లల వైద్యుడు వెబ్, కణజాలాలు చూసే పాథాలజిస్టులు జాబ్, గాల్ట్ ముగ్గురూ కలిసి, రక్తంలో వెతకడం మాని జబ్బు ఉన్నచోటే వెతకాలనుకున్నారు. రోగుల ఊపిరితిత్తి, కాలేయం, లింఫ్ గ్రంథుల నుంచి చిన్న ముక్కలు తీసి, మైనంలో బిగించి, వెంట్రుక కన్నా పలచని పొరలుగా కోసి, ఒక్కొక్క పొరకూ రంగు వేసి చూడాలి. ముక్కలో పురుగు ఎక్కడో ఒక మూల ఉంటుంది. ఉన్న పొర తప్పిపోతే లేనట్టే. అందుకే ముక్క మొత్తాన్నీ వరుసగా కోసి, ఏ పొరనూ వదలకుండా చూడటం తప్ప వేరే దారి లేదు. 1960లో లాన్సెట్‌లో వాళ్ల వ్యాసం వచ్చింది. నారింజ రంగు ఇయోసినోఫిల్స్ గుంపు నట్టనడుమ, సగం కరిగిపోయిన మైక్రోఫైలేరియా, అంటే ఫైలేరియా పురుగు పిల్లలు! కొన్ని ముక్కలై, కొన్ని ఆకారం మాత్రమే మిగిలి. మెస్సీనాలో ముల్లు చుట్టూ మూగిన కణాల దృశ్యమే, 78 ఏళ్ల తర్వాత, మనిషి ఊపిరితిత్తిలో.

ఇప్పుడు అన్ని ముక్కలూ ఒకదానికొకటి అతికాయి. తల్లి పురుగులు ఎక్కడో లింఫ్ నాళాల్లో దాక్కుని పిల్లలను వదులుతాయి. అవి రక్తంలో కొట్టుకుపోయి ఊపిరితిత్తుల సన్నని నాళాలకు చేరగానే ఈ మనిషి ఒళ్లు వాటిని పట్టి చంపేస్తుంది. అందుకే రక్తం శుభ్రం. కానీ తల్లి పురుగు ఆగదు, రోజూ కొత్త పిల్లలు, రోజూ కొత్త పోరు. ఇయోసినోఫిల్ తన రేణువుల్లోని విషాన్ని పురుగు మీద కక్కుతుంది, పక్కనున్న మెత్తని ఊపిరితిత్తి కూడా దానికే కాలుతుంది. పక్కింటివాడి రక్తంలో వేల పురుగు పిల్లలు ఈదుతున్నా అతను హాయిగా నిద్రపోతాడు, ఎందుకంటే అతని ఒళ్లు వాటితో రాజీ పడింది. రాజీ పడనివాడే రాత్రంతా దగ్గుతాడు. రోగిని తినేస్తున్నది పురుగు కాదు, పురుగు మీద అతని ఒళ్లు గెలుస్తూ గెలుస్తూ ఎప్పటికీ ముగించలేని యుద్ధం. పసిఫిక్ సైనికుల వింతకూ జవాబు దొరికింది. దీర్ఘకాలిక వాపు అనే మాటకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ వైద్యంలో తక్కువే.

మద్రాసులో కథ ఇంకా లోతుకు వెళ్లింది. 1979లో అమెరికా శాస్త్రవేత్త ఎరిక్ ఒట్టెసన్, మద్రాసు వైద్యుడు కె.వి. తిరువేంగడం తదితరులు ఈ రోగుల అలర్జీ యంత్రాంగం ప్రత్యేకంగా ఫైలేరియా మీదే ఎక్కుపెట్టి ఉందని నిరూపించారు. తర్వాత మద్రాసులోని క్షయ పరిశోధన కేంద్రంలో వి.కె. విజయన్ తదితరులు మరో అడుగు వేశారు. సన్నని గొట్టాన్ని ముక్కులోంచి ఊపిరితిత్తిలోకి దింపి, కాస్త సెలైన్ పోసి, వెనక్కి పీల్చి, ఆ నీటిలో ఏ కణాలున్నాయో లెక్కపెట్టడం. జబ్బు ముదిరినవాళ్ల నీటిలో దాదాపు సగం ఇయోసినోఫిల్సే. హెట్రజాన్ కోర్సు పడగానే అవి గబగబా తగ్గాయి. ఇక్కడితో ఆపి ఉంటే అందరూ సంతోషించేవారు. వాళ్లు ఆపలేదు. నెలలు గడిచాక, దగ్గు పోయి పనిలోకి వెళ్తున్నవాళ్లను మళ్లీ పిలిచి చూశారు. కొందరి ఊపిరితిత్తుల్లో వాపు సన్నగా ఇంకా సాగుతూనే ఉంది. రోగికి తెలియదు, ఎక్స్‌రేకు తెలియదు. అలా ఏళ్లు గడిస్తే ఊపిరితిత్తి గట్టిపడిపోయే ప్రమాదం ఉంది. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చే ఘట్టం ఇదే. బాగుపడిన రోగిని మళ్లీ పరీక్షించే ఓపిక అరుదైన సుగుణం.

రోగికి తెలియకుండా సాగే ఈ సన్నని వాపు ఊపిరితిత్తులకే పరిమితం కాదని అదే కాలంలో మిగతా వైద్యులకూ అర్థమవుతూ వచ్చింది. గుండె నాళాల్లో కొవ్వు పేరుకోవడం కొళాయి గొట్టంలో పాచి పట్టడం వంటిది కాదనీ, నాళపు గోడలో ఏళ్ల తరబడి సాగే వాపనీ 1999లో రసెల్ రాస్ అనే శాస్త్రవేత్త గట్టిగా వాదించాడు. బోస్టన్‌లో పాల్ రిడ్కర్ రక్తంలో వాపును సూచించే సీఆర్‌పీ అనే ప్రోటీన్ ఎక్కువున్నవాళ్లకు గుండెపోటు ముప్పు ఎక్కువని 1997లోనే చూపించాడు. ఆ రిడ్కర్ పనిచేసేది బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రి. సుబ్బారావు రాత్రిపూట పాకీపని చేసిన పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రి 1980లో మరికొన్నిటితో కలిసి ఆ పేరు పెట్టుకుంది.

చరిత్ర చమత్కారం అక్కడితో ఆగలేదు. సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసి, తర్వాత దాన్ని అడ్డుకునే పదార్థాలనూ చేసింది. సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు వాటితోనే 1948లో పిల్లల రక్త క్యాన్సర్‌ను మొదటిసారి తాత్కాలికంగా వెనక్కి నెట్టాడు. 1951లో గుబ్నర్ అనే డాక్టరు వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను కీళ్లవాతం రోగులకు ఇస్తే వాపు తీసింది. కానీ అప్పుడే వాపును అణిచే కార్టిసోన్‌కు నోబెల్ వచ్చి లోకమంతా దాని వెంటే పరుగెడుతోంది. గుబ్నర్‌ను పట్టించుకున్నవాళ్లు లేరు. అమినోప్టెరిన్ తమ్ముడు మెథోట్రెక్సేట్‌కు కీళ్లవాతం మందుగా అమెరికా ప్రభుత్వ ఆమోదం 1988లో గాని దొరకలేదు. కీళ్లకు పనిచేస్తే గుండెకు ఎందుకు చేయదని రిడ్కర్ అడిగాడు. గుండెపోటు వచ్చినవాళ్లూ, గుండె నాళాల జబ్బు ముదిరినవాళ్లూ 4,786 మందితో పరీక్షించి 2018లో ఫలితం చెప్పాడు: మెథోట్రెక్సేట్ ఏమాత్రం ఉపయోగపడలేదు. సీఆర్‌పీ కూడా తగ్గలేదు. అంతకు ముందు ఏడాదే అదే బృందం కెనకినుమాబ్ అనే వేరే మందుతో, కొలెస్ట్రాల్ జోలికి పోకుండా వాపు సంకేతాల్లో ఒక్కదాన్ని మాత్రమే ఆపి, గుండెపోట్ల వంటి ఘటనలను 15 శాతం తగ్గించింది. అయితే ఆ మందు తీసుకున్నవాళ్లలో ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. మెచ్నికోవ్ ఉంటే ఆశ్చర్యపోయేవాడు కాదు. కీలులో వాపు, గుండెలో వాపు ఒకే పేరున్న వేర్వేరు తగాదాలు. ఏ తీగ తెంపాలో తెలియకుండా వాపు మొత్తాన్నీ ఆపేస్తామంటే కుదరదు.

ఇక దీవుల సంగతి. వండూర్‌కు దక్షిణంగా, సముద్రం మీద దాదాపు 400 కిలోమీటర్ల అవతల నికోబార్‌లోని నాన్‌కౌరీ దీవుల గుంపు ఉంది: కామోర్టా, కచాల్, నాన్‌కౌరీ, ట్రింకెట్ వగైరా. అక్కడి ఫైలేరియా మన దేశంలో మరెక్కడా లేని రకం. కోస్తా జిల్లాల్లో ఫైలేరియా సిబ్బంది రాత్రి ఎనిమిది దాటాక లాంతరు పట్టుకుని ఇంటింటికీ వచ్చి, నిద్రపోతున్న పిల్లలను లేపి వేలు పొడవడం పాత తరానికి గుర్తే. రాత్రిపూటే పురుగు పిల్లలు పైకి వస్తాయి, రాత్రి కుట్టే దోమే వాటిని మోస్తుంది. నాన్‌కౌరీలో అలా కాదు, పగలు కూడా అవి రక్తంలో తిరుగుతూనే ఉంటాయి. మోసేది పగలు కుట్టే అడవి దోమ, డౌన్సియోమియా నివియా. చెట్ల తొర్రల్లో నిలిచిన వాన నీటిలో పెరుగుతుంది. అడవిలో ఎన్ని తొర్రలని మందు కొడతారు? పగలు పనిలో ఉన్న మనిషికి దోమతెర ఎలా కడతారు? దోమ మీద యుద్ధం కుదరదు కాబట్టి మిగిలింది మనుషుల రక్తంలోని పురుగు మీద యుద్ధమే. దానికి ఆయుధం సుబ్బారావు బిళ్లే.

పోర్ట్ బ్లెయిర్‌లో 1983 నుంచి ఉన్న భారత వైద్య పరిశోధన మండలి ప్రాంతీయ కేంద్రం వాళ్లు ఈ పురుగును ఏళ్లుగా వెంటాడుతున్నారు. 2004 నుంచి దేశమంతటా చేసినట్టే ఏటా ఒకసారి అందరిచేతా బిళ్లలు మింగించే కార్యక్రమం ఇక్కడా మొదలైంది. అదే ఏడాది డిసెంబరులో సునామీ వచ్చి ఊళ్లకు ఊళ్లనే తుడిచేసింది. ట్రింకెట్ ప్రజలు దీవినే వదిలి వెళ్లాల్సి వచ్చింది. అయినా బిళ్లల పంపిణీ తిరిగి పట్టాలెక్కింది.

పంపిణీలో ఎదురయ్యే చిక్కు మాత్రం మెచ్నికోవ్ ముల్లు దగ్గరికే తీసుకెళ్తుంది. హెట్రజాన్‌ను పరీక్షనాళికలో పోస్తే మైక్రోఫైలేరియా చావవు, ఈదుతూనే ఉంటాయి. మనిషి ఒంట్లో పడ్డాకే చస్తాయి, ఎందుకంటే మందు తానుగా చంపేది తక్కువ, ఒంటి కణాలను వాటి మీదికి ఉసిగొల్పేదే ఎక్కువ. రక్తంలో పురుగు పిల్లలు ఎన్ని ఎక్కువ ఉంటే, బిళ్ల మింగిన రాత్రి జ్వరం, తలనొప్పి, దురద అంత గట్టిగా వస్తాయి. నిన్నటిదాకా ఏ బాధా లేనివాడు మందు మింగాకే మంచం పడతాడు. ‘బాగున్నవాణ్ని జబ్బు చేయించారు’ అని మరుసటి ఏడాది ఆ ఇల్లు తలుపు తీయదు. జ్వరం వచ్చిందంటే పురుగు చస్తోందని అర్థమని చెప్పడం తేలికే, నమ్మించడం కష్టం.

అందుకని ఇంకో దారి కూడా పట్టారు. వంట ఉప్పులో హెట్రజాన్‌ను చిటికెడు కలిపి ఇవ్వడం. ఈ పద్ధతి లక్షద్వీప్‌లోనూ మరికొన్ని చోట్లా ముందే పనిచేసింది. రోజూ కూరలో, పులుసులో కొద్దికొద్దిగా వెళ్లే మందుకు పురుగు పిల్లలు ఒక్కసారిగా కాక కొన్ని కొన్నిగా చస్తాయి, ఒళ్లు గగ్గోలు పెట్టదు, జ్వరం దాదాపు రాదు. ఏడాదికోసారి ఇచ్చే బిళ్లలకు తోడుగా నాన్‌కౌరీ దీవుల్లో ఈ ఉప్పును ఇంటింటికీ పంచి, తర్వాత పట్టపగలే వేళ్లు పొడిచి రక్తం చూశారు. పురుగు పిల్లలున్నవాళ్ల సంఖ్య బిళ్లలొక్కటే ఇచ్చిన రోజులకన్నా బాగా పడిపోయింది.